పడవ ఆఖర్న కొనాలి: ఒడిశా సరిహద్దు నీళ్లలో కయాకింగ్ మొదలుపెట్టేవారికి సామాను లెక్క

కయాకింగ్, అంటే ఒకరిద్దరు కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నపాటి పడవ షికారు, మొదలుపెడదామనుకున్న వాళ్లలో ఎక్కువమంది ముందు చూసేది పడవ ధర. చేతిలో ఉన్న డబ్బులో ముప్పాతిక వంతు దానికే పోతుంది. మిగిలిన దానితో వచ్చేవి పడవతో పాటు అంటగట్టిన ఒక తెడ్డు, ఎవరి ఒంటికీ సరిగ్గా కుదరని ఒక లైఫ్ జాకెట్. ఈ వరస తిరగబడాలి. ఒంటి మీద ఉండేది ముందు, చేతిలో ఉండేది తరవాత, కింద ఉండేది ఆఖర్న కొనాలి. జాకెట్టూ తెడ్డూ ఏ అద్దె పడవలోనైనా పనికొస్తాయి. పడవ అలా కాదు, అది ఏ నీటికి కొన్నామో ఆ నీటికే పనికొస్తుంది. ఏ నీళ్లలోకి ఎక్కువగా వెళ్తామన్నది నాలుగైదు నెలలు తిరిగితే కానీ తేలదు.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. బరంపురంలో ఉండేవారికి గంటా గంటన్నర ప్రయాణంలో నాలుగు రకాల నీళ్లు దొరుకుతాయి. ఛత్రపురం పక్కన తంపర మంచినీటి సరస్సు, రంభ దగ్గర చిలికా ఉప్పునీటి సరస్సు, గంజాం దగ్గర రుషికుల్య నది, గోపాల్‌పూర్‌లో నేరుగా బంగాళాఖాతం. పడమరకు పోతే కథ పూర్తిగా వేరు. కొరాపుట్, జయపురం వాళ్లకు కొలాబ్ జలాశయం, మల్కన్‌గిరి వైపు బలిమెల, రాయగడలో నాగావళి, గుణుపురంలో వంశధార. వీటన్నిటికీ సరిపోయే ఒకే పడవ లేదు. ఉందని చెప్పే దుకాణదారుణ్ణి నమ్మక్కర్లేదు.

లైఫ్ జాకెట్: ధర కాదు, కుదురు

టూరిస్టు బోట్ల దగ్గర ఇచ్చే నారింజ రంగు జాకెట్ అందరికీ తెలిసిందే. ఛాతీ మీద రెండు దిమ్మలు, మెడ వెనక ఒక దిమ్మ, నడుముకి ఒక నాడా. బోటు మునిగితే ఎవరో వచ్చి తీసేదాకా మనిషిని తేల్చి ఉంచడమే దాని పని. అది వేసుకుని తెడ్డు వేస్తే మాత్రం భుజాలు ఒరుసుకుంటాయి, మెడ దగ్గర దిమ్మ తలని ముందుకు నెడుతుంది, పావుగంటకల్లా మనిషి దాన్ని విప్పి కాళ్ల దగ్గర పడేస్తాడు. విప్పేసిన జాకెట్ లేని జాకెట్‌తో సమానం. పడవ బోర్లా పడ్డాక నీళ్లలో దాన్ని తొడుక్కోవడం ఈత బాగా వచ్చినవాళ్లకే గగనం.

కయాకింగ్ కోసం చేసినవి వేరుగా ఉంటాయి. చంకల దగ్గర కోత పెద్దది, నడుము దగ్గర పొట్టి, వీపు వైపు ఫోమ్ పైకి జరిపి ఉంటుంది. వీపు ఆనించే సీటుకి కింద ఫోమ్ అడ్డం రాకుండా ఈ ఏర్పాటు. లోపలి లేబుల్ మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. పెద్దవాళ్ల కయాకింగ్ జాకెట్లలో మామూలుగా కనిపించేది 50 న్యూటన్లు, అంటే సుమారు 5 కిలోల ఎత్తుబలం. 70 కిలోల మనిషిని 5 కిలోలు ఏం ఆపుతాయని అనుమానం రావచ్చు. ఒళ్లంతా నీళ్లలో ఉన్నప్పుడు మనిషి బరువు దాదాపు నీరే మోస్తుంది. ముఖం పైకి ఉండడానికి కావలసిన ఆ కాస్త బలమే జాకెట్ ఇవ్వాలి.

అయితే 50 న్యూటన్ల జాకెట్ స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా తిప్పుతుందన్న హామీ లేదు. ఈత వచ్చి, ఒడ్డు దగ్గర్లో ఉండి, పక్కన మరో మనిషి ఉన్నప్పటికి అది చాలు. ఈత రానివాళ్లకి 100 న్యూటన్లది కావాలి. అది కాస్త లావుగా ఉంటుంది, తెడ్డు వేయడానికి అడ్డం వస్తుంది. తప్పదు. ఇంకా మంచి దారి ముందు ఈత నేర్చుకోవడమే. ఏ సామానూ ఆ లోటు తీర్చలేదు. తాడు లాగగానే గాలి నిండే పల్చటి జాకెట్లూ దొరుకుతాయి. మొదలుపెట్టేవాళ్లకు అవి వద్దు. సిలిండర్ ఖాళీ అయిందో లేదో ప్రతిసారీ చూసుకునే ఓపిక, పడ్డ క్షణంలో తాడు లాగే తెలివిడి, రెండూ అలవాటుతో వచ్చేవి.

సైజు చూసుకునే పద్ధతి సులువు. జాకెట్ తొడుక్కుని అన్ని నాడాలూ కింది నుంచి పైకి బిగించాలి. వెనక నుంచి ఎవరినైనా రెండు భుజాల పట్టీలూ పట్టి గట్టిగా పైకి లాగమనాలి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది పెద్దది. కూర్చుని కూడా చూడాలి, ఎందుకంటే వాడేది కూర్చునే. బరువు లెక్క లేబుల్ మీద ఉంటుంది కానీ బిగువు లెక్క ఛాతీ చుట్టుకొలతది. అందుకే ఆన్‌లైన్‌లో కొంటే వాపసు తీసుకునే చోటే కొనాలి. పిల్లలకైతే కాళ్ల మధ్య నుంచి పోయే పట్టీ ఉన్నది తప్ప వేరేది తీసుకోకూడదు. వాళ్లకి ఛాతీ, నడుము ఒకే కొలతలో ఉంటాయి, పట్టీ లేకపోతే జాకెట్ తేలి పిల్లాడు కిందకి జారిపోతాడు. ‘రెండేళ్లు వస్తుందిలే’ అని బట్టల్లా పెద్ద సైజు కొనే అలవాటు ఇక్కడ ప్రమాదం.

జాకెట్‌కి ఒక విజిల్ కట్టి ఉండాలి. లోపల గోళీ లేని రకం మేలు, తడిసినా పలుకుతుంది. మూడుసార్లు ఆగి ఆగి ఊదితే ఆపదలో ఉన్నట్టు గుర్తు. చిలికా గాలిలో అరుపు యాభై గజాలు కూడా పోదు.

తెడ్డు

కయాక్ తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి. పడవ మీద లక్ష పోసి తెడ్డు దగ్గర చెయ్యి బిగించడం సర్వసాధారణం. నిమిషానికి 40 వేట్లు వేస్తే గంటకి 2,400. తెడ్డు పావు కిలో బరువెక్కువైతే ఆ పావు కిలోని గంటలో 2,400 సార్లు భుజాలు మోస్తాయి. అల్యూమినియం కర్రకి ప్లాస్టిక్ రెక్కలున్నవి కిలో పైచిలుకు ఉంటాయి, ఫైబర్‌గ్లాస్‌వి కిలో లోపు, కార్బన్‌వి ఇంకా తేలిక. మొదటిదానికి కార్బన్ అవసరం లేదు. రాళ్లకి కొట్టి, ఒడ్డున తోసుకుంటూ నేర్చుకునే రోజుల్లో అది పగిలితే ఏడుపే మిగులుతుంది. ఫైబర్‌గ్లాస్ కర్ర ఉన్నది దొరికితే సరైన నడిమి దారి. అల్యూమినియం తీసుకుంటే చేతులు పట్టే చోట రబ్బరు తొడుగు ఉందో లేదో చూడాలి. వైశాఖం ఎండలో లోహం కాలుతుంది, పుష్యమాసపు పొద్దుట కొరాపుట్‌లో అదే లోహం వేళ్లని కొరుకుతుంది.

పొడవు రెండిటి మీద ఆధారపడుతుంది: మనిషి ఎత్తు, పడవ వెడల్పు. ఐదున్నర అడుగుల మనిషి 75–80 సెంటీమీటర్ల వెడల్పున్న పడవలో కూర్చుంటే 230 సెంటీమీటర్లు కావాలి. 60 సెంటీమీటర్ల సన్న పడవైతే 210–220 సరిపోతుంది. తెడ్డు పొట్టిదైతే ప్రతి వేటుకీ పక్కకి వంగాలి, వేళ్లు పడవ అంచుకి కొట్టుకుంటాయి. మరీ పొడవైతే పడవ ముక్కు అటూ ఇటూ ఊగుతుంది. మధ్యలో విడదీసే రెండు ముక్కల తెడ్డే తీసుకోవాలి. బైకు మీదో ఆటోలోనో పోయేవాళ్లకి అది మరీ ముఖ్యం. ఉప్పునీళ్లలో వాడాక ఆ కీలు మంచినీళ్లతో కడగకపోతే ఇసుకా ఉప్పూ పట్టి నెల తిరిగేసరికి ఊడి రాదు.

ఇసుక మేట వేసి లోతులేని చోట్ల రెక్క విరిగే అవకాశం ఎక్కువ. ఇద్దరు కలిసి వెళ్తుంటే మధ్యలో ఒక తెడ్డు అదనంగా కట్టి ఉంచుకోవడం మంచిది.

నీళ్లని బట్టి పడవ

ఇప్పుడు పడవ. రెండు కుటుంబాలు. పైన కూర్చునేది, లోపల కూర్చునేది. వీటి మధ్య తేడా గోపాల్‌పూర్‌లో జాలరి పని చేసే నోలియాలకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాడబలిజ బెస్తలు తరతరాలుగా వాడిన తెప్పకి లోపలి భాగమంటూ లేదు, దుంగల మధ్య నుంచి నీళ్లు వచ్చినట్టే పోతాయి. అందుకే విరుచుకుపడే అలల్లోంచి అది బయటపడేది. పైన కూర్చునే రకం, అంటే సిట్ ఆన్ టాప్ కయాక్ సూత్రం ఇదే. మూసేసిన ప్లాస్టిక్ డొల్ల, దానికి పై నుంచి కిందకి రంధ్రాలు. నీళ్లు పైకి వస్తే ఆ రంధ్రాల్లోంచి దిగిపోతాయి. బోర్లా పడితే తిప్పి, కడుపు మీద పాకి పైకెక్కి కూర్చోవచ్చు.

లోపల కూర్చునేది బోర్లా పడితే నీళ్లు నిండుతాయి. ముందూ వెనకా గాలి అరలు లేని చవక రకమైతే పడవలోకి వంద లీటర్లకు పైగా నీళ్లు చేరతాయి, అంటే వంద కిలోలకు పైగా బరువు. నడినీళ్లలో ఒక్క మనిషి దాన్ని ఖాళీ చేయలేడు. కొంటే రెండు వైపులా అరగోడలు ఉన్నదే కొనాలి, చేతి పంపు ఒకటి తోడుండాలి. పడవ నోటిని మూస్తూ నడుముకి బిగించే గుడ్డ, స్ప్రే స్కర్ట్ జోలికి మొదటి ఏడాది పోకూడదు. తలకిందులైనప్పుడు దాన్ని ఊడదీసుకుని బయటికి రావడం ఎవరైనా పక్కన నిలబడి నేర్పాల్సిన విద్య.

తంపర, రంభ చుట్టుపక్కలే తిరిగేవాళ్లకి 10–12 అడుగుల సిట్ ఆన్ టాప్ సరిపోతుంది. బరువు 25–30 కిలోలు. ఎత్తలేని పడవ వాడుకలో ఉండదు కాబట్టి ఒక్కరే మోసుకెళ్లేవాళ్లు ఈ అంకెనే ముందు చూడాలి. పడవ మీద రాసిన గరిష్ఠ బరువులో మూడొంతులు మించకుండా మనిషి, నీళ్లు, సామాను అన్నీ కలిపి లెక్కేయాలి. 120 కిలోలు రాసి ఉన్నదాంట్లో 90 దాటితే అది మునగదు కానీ రంధ్రాల్లోంచి నీళ్లు పైకి వచ్చి సీటంతా చెరువవుతుంది.

చిలికా విషయంలో జనం పొరబడేది దాని లోతు చూసి. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్ల పైన పరుచుకునే ఈ సరస్సు చాలా చోట్ల మనిషి లోతే. లోతు లేని వెడల్పు నీళ్ల మీద గాలి లేస్తే పొట్టి అలలు వెంట వెంటనే వస్తాయి, పడవ ఒకదాని నుంచి తేరుకునేలోగా ఇంకోటి తగులుతుంది. వేసవిలో మధ్యాహ్నం దాటాక దక్షిణపు గాలి ఊపందుకుంటుంది. పొద్దున్న అద్దంలా ఉన్న నీళ్లు చూసి గాలి వాలున దీవి దాకా పోయినవాళ్లు తిరుగు ప్రయాణంలో గంటసేపు తెడ్డేసినా అక్కడే ఉంటారు. నీటి మీద తెల్లటి నురగ తలలు కనిపించడం మొదలైతే కొత్తవాళ్లు ఒడ్డున ఉండాల్సిన సమయం అది. పొట్టి, వెడల్పు పడవలు ఈ గాలికి మరీ లోకువ. ఏటికేడూ చిలికాలోనే తిరుగుతామని తేలినవాళ్లు తరవాత 14 అడుగుల సన్నపాటి టూరింగ్ పడవకి మారడం సబబు. అది నిలకడ తక్కువ, నడక ఎక్కువ.

ఇక్కడ ఇంకో సంగతి వలలు. చేపలకీ రొయ్యలకీ వెదుళ్లు పాతి కట్టిన వల గోడలు దారికడ్డంగా ఉంటాయి. పడవ అడుగున నిలిపే చుక్కాని రెక్క వాటిలో చిక్కుతుంది, నాచుని కూడా పోగేసుకుంటుంది. పైకి మడిచే రెక్క ఉన్నదే మేలు. జాకెట్‌కి మొద్దు మొన ఉన్న చిన్న చాకు పెట్టుకోమని ఎక్కడ చదివినా చెబుతారు. అది మనిషి కాలు చిక్కినప్పుడు తాడు కోయడానికి. ఎదుటివాడి వల కోసి దారి చేసుకోవడానికి కాదు. ఆ వల ఒక ఇంటి సంపాదన.

పడమటి జిల్లాలకి వస్తే గాలి నింపే పడవల ప్రస్తావన తప్పదు. మేడ మీది ఇల్లు, కారు లేని కుటుంబం, రైలు ప్రయాణం, ఈ మూడిట్లో ఏదున్నా ఇదే దారి. డెకాథ్లాన్ వాళ్ల ఇటివిట్ లాంటివి మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. స్లీపర్ క్లాసులో మనిషికి 40 కిలోల సామాను ఉచితం కాబట్టి పడవ, తెడ్డు, పంపు అన్నీ అందులో సర్దుకుంటాయి. కానీ జలాశయాల్లో నీటి మట్టం దిగాక మునిగిన చెట్ల మోళ్లు పైకి తేలతాయి. కొలాబ్, బలిమెల లాంటి చోట్ల అంచుల వెంట తిరిగేటప్పుడు గాలి పడవకి అవే శత్రువులు. మూడు వేరువేరు గాలి అరలున్నదీ, అడుగున మందపాటి పొర ఉన్నదీ చూసుకోవాలి, అతుకు మందు సంచిలోనే ఉండాలి. ఎండలో పెట్టి పూర్తిగా గాలి నింపేస్తే లోపలి గాలి వేడికి ఉబ్బి కుట్లు విడిపోతాయి. తినడానికి ఒడ్డుకి లాగినప్పుడు కాస్త గాలి వదలాలి. గట్టి ప్లాస్టిక్ పడవకి కూడా ఎండ పడదు. డాబా మీద వేసవంతా వదిలేస్తే అడుగు సొట్టపడుతుంది.

నాగావళి, వంశధార మీద కయాక్ వేయాలనే ఉబలాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఇవి కొండ నదులు. 2017 జూలైలో రాయగడ జిల్లాలో వచ్చిన ఆకస్మిక వరదకి తెరువలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. వానల్లో వీటి దగ్గరికి కొత్తవాళ్లు పోకూడదు. వానలు వెనకబడ్డాక, నీరు నిదానించిన చోట మాత్రమే, అదీ హెల్మెట్‌తో. హెల్మెట్ అంటే బైకుది కాదు. దానిలో స్పంజి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ముందుకి పొడుచుకొచ్చిన భాగం ప్రవాహాన్ని పట్టి మెడని విరుస్తుంది. నీటి క్రీడల హెల్మెట్ మీద ఈఎన్ 1385 అని యూరప్ ప్రమాణం గుర్తు ఉంటుంది. పారే నీళ్లలో ఇంకో నియమం: తెడ్డుకో పడవకో ఉన్న తాడు మనిషి ఒంటికి కట్టుకోకూడదు. సరస్సులో తెడ్డు పోకుండా కాపాడే ఆ తాడే నదిలో రాయికో కొమ్మకో చుట్టుకుని మనిషిని నీటి కింద పట్టి ఉంచుతుంది. విద్యుత్ కేంద్రాల దిగువన ఉన్న నదుల్లో వాన లేకపోయినా నీరు పెరగవచ్చు. మల్కన్‌గిరి వైపు శబరిలో మొసళ్లున్నాయి, దానికి సరిపడే సామాను ఏ దుకాణంలోనూ లేదు.

గోపాల్‌పూర్ సముద్రం గురించి ఒక్క మాట చాలు. నేర్పేవాళ్లు పక్కన లేకుండా అక్కడ పడవ దించకూడదు. అలలు ఒడ్డు దగ్గరే విరుచుకుపడతాయి, నీళ్లు నిండిన పడవకీ ఒడ్డుకీ మధ్య చిక్కిన మనిషి కాళ్లు విరుగుతాయి. సముద్రంలోనే మొదలుపెట్టాలని ఉంటే విశాఖ రుషికొండలో అద్దె కయాక్‌లు దొరుకుతాయి, ఆ ఖర్చుతో సొంత పడవ అవసరమో కాదో కూడా తేలిపోతుంది. రుషికుల్య మొగ దగ్గరైతే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఫిబ్రవరి, మార్చిలో ఒడ్డు వైపు వెళ్లకపోవడమే మర్యాద. నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఆ తీరంలో 20 కిలోమీటర్ల వరకు చేపల వేట మీదే నిషేధం ఉంటుంది. పొట్టకూటి కోసం పోయేవాళ్లని ఆపిన చోట షికారుకి పోవడం బాగుండదు.

మిగిలిన చిల్లర

బట్టల దగ్గర నూలు వద్దు. నీళ్లు పీల్చి బరువెక్కి, ఒంటికి అతుక్కుని ఆరదు. మే నెలలో చల్లగా ఉంటుందని మురిసినా డిసెంబరు పొద్దున్న కొరాపుట్ గాలికి అదే పళ్లు గిటకరిపిస్తుంది. ఆటల టీషర్టు గుడ్డ, పొడుగు చేతులవి, చవకగా ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. గడ్డం కింద తాడున్న టోపీ. కాళ్లకి వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులు బురదలో ఉండిపోతాయి, వట్టి కాళ్లతో దిగితే గుల్లలు కోస్తాయి.

ఫోన్‌కి పారదర్శకపు సంచి, అదీ జాకెట్ జేబులో. పడవలో పెట్టిన ఫోన్ పడవతోనే పోతుంది. తీరంలో కోస్ట్ గార్డ్ 1554, ఎక్కడైనా 112. కొండల్లో సిగ్నల్ ఉండని చోట్లు ఎక్కువ కాబట్టి ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి పోవడం ఏ పరికరంకన్నా నమ్మకం. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు, వాతావరణ శాఖ మత్స్యకారులకిచ్చే గాలి సూచనలు ఉచితంగానే దొరుకుతాయి. అక్టోబరులో ఇవి చూడకుండా తీరంలో పడవ తీయడం మూర్ఖత్వం. ఫైలిన్ తుపాను 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది ఆ నెలలోనే.

నీళ్లు చొరని సంచి, అంటే డ్రై బ్యాగు ఒక్కటి, 10 లీటర్లది చాలు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే తేలే తాడు 15–20 మీటర్లు. చేతి తొడుగులు, ఫిషింగ్ రాడ్ పెట్టే గొట్టాలు, కప్పు పెట్టే రింగులు, ఇవన్నీ కేటలాగ్ నింపడానికి పుట్టినవి.

ఇంత చూసుకున్నాక పడవ కొనే దశ వస్తే సెకండ్ హ్యాండ్‌ది తప్పు కాదు. రిసార్టులు పాతవి అమ్మేస్తుంటాయి. బోర్లా వేసి అడుగు చూడాలి. గీతలు సహజం, గోరు దిగేంత లోతు గీత ఉంటే బేరం తగ్గించాలి, పగుళ్లుంటే వదిలేయాలి. రంధ్రాల లోపలి అంచులూ సీటు బిగించిన చోట్లూ ముందు చిట్లుతాయి, అక్కడ వేలు పెట్టి తడమాలి. ప్లాస్టిక్ రంగు వెలిసి సుద్దలా చేతికి అంటితే ఏళ్ల తరబడి ఎండలో పడున్నదని అర్థం. డబ్బులిచ్చే ముందు ఒక పావుగంట నీళ్లలో వేసి, ఎక్కి కూర్చుని, ఒడ్డుకి తెచ్చి ఊపి చూడాలి. డొల్ల లోపల నీళ్లు చప్పుడు చేస్తే ఎంత చవకైనా అక్కడే వదిలేసి రావచ్చు.